సోనేపూర్ తుమ్ము

సోనేపూర్ ఒడ్డున చేపలు ఎండబెట్టే ఓ ముసలమ్మ ఉండేది. ఆవిడ తుమ్మితే కట్టేసిన పడవలు సైతం రెండడుగులు వెనక్కి జరిగేవని బరంపురంలో ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతుంటాను. లోకమంతా తుమ్ము వినబడితే పని ఆపుతుంది. ఆ ఊరు మాత్రం, సరుగుడు పూసే రోజుల్లో, ఆవిడ తుమ్మాకే పని మొదలెట్టేది. గాలి పొడిగా ఉంటే సరుగుడు పుప్పొడి లేచి ఆవిడ ముక్కులో దూరుతుంది. తేమగా ఉంటే పుప్పొడి ఎగరదు, తుమ్మూ రాదు. అలాంటి రోజు చేపలు పరిస్తే ఎండవు, కుళ్లుతాయి.

ఎండుచేపలు కొనడానికి వెళ్లే నేను, జాలిపడి, ఓ సాయంత్రం ఆవిడకు తుమ్ములు తగ్గే మాత్రలు ఇచ్చాను.

మర్నాడు ఎండ పెళపెళలాడుతున్నా తుమ్ము రాలేదు. గంపలనిండా నెత్తళ్లు పెట్టుకుని ఆడవాళ్లందరూ ఆ ముక్కు వైపే చూస్తూ కూర్చున్నారు. చేపల వాసన మారుతోంది.

"ఏటత్తా, ఇంకా రాలేదేటి? సేపలు పోతన్నాయి!" అని కోడలు గోల పెట్టింది.

ముసలమ్మ లేచి సరుగుడు కొమ్మ దులిపింది. పసుపుపచ్చ పొడి మబ్బులా లేచింది. ముక్కు మాత్రం ఉలకలేదు. సరుకు కోసం ఆ రాత్రి ఊళ్లోనే ఆగిపోయిన నా వైపు ఆవిడ తిరిగింది.

"నువ్విచ్చిన బిళ్ల ఏటికి బాబూ?"

"తుమ్ముల జబ్బుకి."

"పొడిగాలే ఇది, పరిసీండే!" అని అందరికీ కేకేసి, మిగిలిన మాత్రలు నా జేబులో కుక్కింది. "జబ్బని నీకెవులు సెప్పారు? ఊరికి కూడెట్టే ముక్కు బాబూ ఇది. ఎల్లు, నువ్వూ ఓ గంప పట్టు."