గాలిని ఆపని రోజు

మా సార్ పోయారు. మంగళవారం పొద్దున నాంపల్లి మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే సార్ భార్య, మా ఆంటీ, ఫోన్ చేశారు. "మీ సార్ పోయిండు బిడ్డా. చాయ్ తాగిండు, పేపర్ అడిగిండు. నేను తెచ్చేలోపల్నే కుర్చీల ఒరిగిండు," అన్నారు. నేను బయల్దేరింది వాళ్ళింటికే. మధ్యాహ్నం డ్యూటీ కాబట్టి ముందు ఆయన్ని చూసి పోదామనుకున్నాను. సంచిలో ఆయన కోసం కొన్న ఉస్మానియా బిస్కెట్లున్నాయి.

కరెంటు ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో చెప్పే కంట్రోల్ రూమ్‌లో ఆయన నాకు పై అధికారి. బొగ్గు, నీళ్ళు, ఎండ, గాలి, ఈ నాలుగింటి కరెంటునూ కలిపి జనం వాడకానికి సరిగ్గా సరిపోయేలా చూడటం మా పని. ఉద్యోగంలో చేరిన రోజే నన్ను ఇరానీ హోటల్‌కి తీసుకెళ్ళి, చాయ్ పోసే ఆయన్ని చూపించారు. "మనం గూడ గంతే. ఎంతమంది తాగుతున్నరో అంతే పొయ్యాలె. ఎండ, గాలి మన మాట ఇనవు బిడ్డా. అవి వచ్చినప్పుడు వద్దనుడు పాపం. మిగతావాళ్ళనే జర జరుగుమనాలె."

నిజం చెప్పాలంటే మొదటి ఏడాది ఆయనంటే నాకు ఒళ్ళు మండేది. లెక్కలన్నీ కంప్యూటర్‌లో ఉండగా ఆయనకో లావుపాటి రిజిస్టర్ కావాలి. రోజుకో పేజీ. గాలిమరలనో సోలార్‌నో ఆపమని చెప్తే ఎప్పుడు ఆపామో, ఎందుకు ఆపామో అందులో చేత్తో రాయాలి. ఏదీ ఆపని రోజు పేజీని ఖాళీగా వదిలి అడుగున ఆయన సంతకం పెట్టేవారు. ఖాళీ పేజీకి సంతకమేమిటి, చాదస్తం కాకపోతే, అని గొణుక్కునేదాన్ని.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం రాష్ట్రమంతా ఒక్కసారిగా వాన కమ్ముకుంది. ఏసీలు ఆగాయి, పొలాల్లో మోటార్లు ఆగాయి. వాడకం పడిపోయింది. గాలిమరలు మాత్రం పూనకం వచ్చినట్టు తిరుగుతున్నాయి. వాడకం కంటే కరెంటు ఎక్కువైందని చూపే అంకె తెర మీద పైకి పోతుంటే నా అరచేతులకు చెమటలు పట్టాయి. బొగ్గు కేంద్రానికి ఫోన్ చేస్తే వాళ్ళు నసుగుతారు, నెమ్మదిగా దిగుతారు. గాలిమరలవాళ్ళయితే ఒక్క ఫోన్‌కి ఆపేస్తారు. ఆపించేశాను. రిజిస్టర్‌లో 'కారణం' అన్న గడిలో 'గ్రిడ్ భద్రత కోసం' అని రాశాను. కరెంటు తీగల వ్యవస్థ మొత్తం కుప్పకూలకుండా అని దానర్థం. అందరూ అదే రాస్తారు.

సార్ వచ్చి చదివారు.

"బొగ్గోళ్ళకు ఫోన్ చేసినవా?"

"లేదు సార్."

"నీళ్ళ కరెంటోళ్ళకు?"

"లేదు సార్."

"మరి గీ భద్రత ఏడికెల్లి వచ్చింది?"

నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. "భయమేసింది సార్," అన్నాను.

"గదే రాయి," అని పెన్ను ఇచ్చారు.

అప్పటికి నా ప్రొబేషన్ పూర్తి కాలేదు. ఆ ఒక్క మాటతో ఉద్యోగం ఊడొచ్చు. అయినా ఆయన ఎదురుగా నిలబడి ఉంటే ఏం చేయను? 'భయపడి ఆపాను. మిగతావాళ్ళను అడగలేదు' అని రాశాను. ఆయన పెన్ను తీసుకుని దాని కింద 'అడగాలని నేర్పనిది నేను' అని రాసి సంతకం పెట్టారు.

వారం తిరక్కుండా పైవాళ్ళు పిలిచారు. ఆఫీసు రికార్డులో భయం ఏమిటని అడిగారు. సార్ గొంతు పెంచలేదు. "రోగం పేరు రాస్తే మందు దొరుకుతది సార్. భద్రత అని రాస్తే ఏం దొరుకుతది?" అన్నారు. ముందు ఎవరికి ఫోన్ చేయాలి, తర్వాత ఎవరికి అన్న వరసను ఆయన చేత్తో అట్టముక్క మీద రాసి మా బల్ల మీద అంటించారు. అందులో గాలి, ఎండ చిట్టచివర ఉంటాయి. నా ఉద్యోగం నిలిచింది. ఆయన్ని మాత్రం శిక్షణ విభాగానికి మార్చారు. దానికీ దీనికీ సంబంధం లేదనేవారు. నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. ఆయన వెళ్ళాక ఖాళీ పేజీల అడుగున సంతకం పెట్టినవాళ్ళు లేరు.

శిక్షణలోనూ ఆయన ఊరుకోలేదు. తమిళనాడు, గుజరాత్ తీరాల్లో సముద్రంలోనే గాలిమరలు పాతుతారని విన్నప్పటి నుంచి ఆయనకు సముద్రం పిచ్చి పట్టింది. ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య గొంతుక్కూర్చుని, అట్ట ఊడిన నావికుల పుస్తకమొకటి సంపాదించారు. నాంపల్లిలో పుట్టి పెరిగిన మనిషి, సముద్రం చూసింది రెండేసార్లు. ఒకసారి నేను పక్కనుండగానే బేగంబజార్ చేపల మార్కెట్‌లో ఒకామెను, సముద్రం మీద గాలి ఏ యాళ్ళకు లేస్తదమ్మా, అని అడిగారు. ఆమె నవ్వాపుకోలేక, "ఇవి చెరువు చేపలు సారూ, వీటికేం ఎరుక?" అంది. ఆయనా నవ్వారు. దారిలో మాత్రం, "ఆ గాలి గూడ తీగలెంబడి మనదాక వస్తది. వచ్చినంక నేర్చుకుందమంటే మళ్ళ భయంతోటి ఆపుడే అయితది," అన్నారు.

పోయిన నెల చూడ్డానికి వెళ్తే, ఒంట్లో బాగాలేక మంచం మీదున్న మనిషి తన ఒంటి సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. "ఈ వారం ఎన్ని పేజీలు ఖాళీ?" అని అడిగారు. సంతోషపెడదామని, అయిదు సార్, అన్నాను. నా మొహంలోకి చూశారు.

"మూడు సార్."

"మూడు మంచిదే గద. అయిదని ఎందుకంటవ్?"

మంగళవారం మధ్యాహ్నానికల్లా అంత్యక్రియలతో సహా అంతా అయిపోయింది. సెలవు పెడతానంటే ఆంటీ ఒప్పుకోలేదు. "ఆయనుంటే ఇస్తుండెనా? పో బిడ్డా," అన్నారు.

నాలుగు గంటలకు మబ్బు పట్టింది. వాన. వాడకం జారింది, గాలి లేచింది. ఇన్నేళ్ళయినా అరచేతులకు అదే చెమట. అట్టముక్క మీద వరస చూసి ముందు నీళ్ళ కరెంటువాళ్ళకు చేశాను. తర్వాత బొగ్గు కేంద్రానికి. వాళ్ళు నసిగారు. ఇంకొంచెం దిగండన్నా, అని బతిమాలాను. దిగారు. అంకె మెల్లగా చోటుకి వచ్చింది. గాలిమరలకు ఫోన్ చేయలేదు.

డ్యూటీ దిగేముందు రిజిస్టర్ తెరిచాను. రాయడానికేమీ లేదు. 'కారణం' గడి తెల్లగా ఉంది. పేజీ అడుగున, ఆయన పెట్టే చోట, నేను సంతకం పెట్టాను.