వెండి నీళ్ళు తాగిన టమాటా మడి

ఆ మడిలో కాసిన టమాటా ఒక్కటి నాకు కావాలి. ఈ ప్రయాణానికి కారణం అంతే. నా భార్య వసుధ, వెండి నానోకణాలు పంటలకు ఎరువులా పనికొస్తాయా అని పరిశోధన చేసేది. కంటికి ఆనని వెండి రేణువులు. ల్యాబ్ నేపర్‌విల్‌లో మా ఇంటికి దగ్గరే, పొలం మాత్రం దక్షిణంగా రెండు గంటల దూరం. వేసవి శనివారాలన్నీ ఆమె ఆ పొలంలోనే గడిపేది. తోడు ఆమె సహోద్యోగి రాజేందర్. ఇంటికి ఒక్క కాయ కూడా తెచ్చేది కాదు. ఈ ఏడాది, 2013లో, మార్చి మొదట్లో విత్తనాలు వెండి నీళ్ళలో నానబెట్టింది. నెలాఖరుకు ఆమె ఈ లోకంలో లేదు. నాటింది రాజేందర్. ఆగస్టులో పొలాన్ని జనానికి చూపించే ఫీల్డ్ డే ఉందని, మడిని ఆ రోజే తీసేస్తామని, రమ్మని ఫోన్ చేశాడు. ఆమెను అక్క అనేవాడు కాబట్టి నన్ను బావ అంటాడు. ఆ వరస నేనెప్పుడూ ఒప్పుకోలేదు.

ఉదయం ఆరున్నరకు బయలుదేరాను. ఐ-55 మీద జోలియట్, పాంటియాక్ దాటుకుంటూ నేరుగా దక్షిణానికి వెళ్ళాలి. టోల్ లేదు. పెట్రోలుకు రానూపోనూ నలభై డాలర్లు సరిపోతాయి. జోలియట్ దాటాక రెండువైపులా మొక్కజొన్న, సోయా తప్ప చూడటానికి ఏమీ ఉండదు. కాఫీ కావాలంటే పాంటియాక్‌లోనే తాగాలి. హైవే దిగాక మిగిలింది కంకర రోడ్డు, బోర్డులు తక్కువ. నేను రెండుసార్లు తప్పిపోయాను. వసుధకు ఈ దారి కంఠతా వచ్చు. పక్క సీటులో కూర్చున్నవాడికీ వచ్చే ఉంటుంది.

ప్రవేశం ఉచితం. కారు గడ్డిలో పెట్టి, ట్రాక్టరు లాగే బండిలో గడ్డిమోపుల మీద కూర్చోవాలి. ట్రాక్టరు నడిపే ముసలాయన ఆ ఊరి రైతు.

“మొక్కజొన్న చూడ్డానికా, సోయాకా?” అని అడిగాడు.

“టమాటాలకి.”

“ఓ, వెండి టమాటాలా! మా పాతికేళ్ళ పెళ్ళిరోజుకి ఆవిడకి అవే ఇవ్వాల్సింది. చవగ్గా పోయేది.”

బండి మొత్తం నవ్వింది. మా పెళ్ళికి పాతికేళ్ళు నిండలేదు. నేను పొలం వైపు చూస్తూ కూర్చున్నాను.

మడి దగ్గర రాజేందర్ టోపీ పెట్టుకుని పదిమందికి ఇంగ్లీషులో వివరిస్తున్నాడు. వెండి మోతాదు తక్కువైతే మొలక చురుగ్గా వస్తుంది, ఎక్కువైతే వేరు దెబ్బతింటుంది, మట్టిలోని మేలుచేసే సూక్ష్మజీవులకు ఏమవుతుందో ఇంకా తేలాలి. ఈ వాక్యాలు నేను మా వంటింట్లో విన్నవే. ఆమె విరామాలతో సహా అతనికి వచ్చేశాయి. చివర్లో, ఈ వెండిని నేపర్‌విల్‌లో ఒక ఇంటి కిటికీలో పెరిగే మొక్క ఆకుతో తయారుచేశామన్నాడు.

ఆ కిటికీ మాదే. జనం కదిలాక అడిగాను. “మా కరివేపాకు నీ లంచ్‌కి కాదా?”

“లంచ్‌కా? నా పప్పుల ఒక్క రెబ్బ ఏస్కుంటనంటే అక్క కస్సుమనేది బావా! ఆకు ఉడికించిన నీళ్ళు సిల్వర్ నైట్రేట్‌ల పోస్తే టీ కలర్ వస్తది. అప్పుడు వెండి రెడీ అయినట్టు. ఇండియన్ స్టోర్ ఆకుతోని ట్రై చేసిన, మంచిగ రాలే.”

నేను నీళ్ళు పోసి పెంచిన మొక్క. వారం వారం ఆమె ఆకు దూసి కవర్లో పెట్టుకుంటుంటే అతని తాలింపుకనే అనుకున్నాను. ఇది విని నా మనసు తేలికపడాలి. పడలేదు. నీళ్ళు రంగు మారుతున్నప్పుడు ఆమె ముఖం చూసింది అతను.

టెంటు కింద భోజనం ఏడు డాలర్లు. మాంసం తిననివాళ్ళకు వెన్న రాసిన మొక్కజొన్న పొత్తులు ఇస్తారు. తిన్నాక మళ్ళీ మడి దగ్గరికెళ్ళి నాకో కాయ కావాలన్నాను.

రాజేందర్ టోపీ తీశాడు. “అది కుదరదు బావా. కాయలన్నీ ల్యాబ్‌కి పోతయి. చెట్లు సంచుల్ల కట్టి కాల్చేస్తరు. వెండి ఎంత ఎక్కిందో తెల్వకుండ ఎవ్వరూ తినొద్దు.”

“తినను. ఊరికే ఉంచుకుంటాను.”

“నాక్కూడ అక్క ఎన్నడు ఇయ్యలే. ఒకసారి జేబుల ఏస్కుంటే చేతి మీద ఒక్కటిచ్చింది.”

ఆ మాట నాకు బాగుంది. మళ్ళీ చెప్పమని అడగబోయి ఊరుకున్నాను.

అతను మడి చుట్టూ ఉన్న వరస చూపించాడు. గాలి, ఎండ లోపలి మొక్కల మీద తేడాగా పడకుండా అడ్డుగా వేసే వరస అది. దాన్ని కొలవరు. “వీటికి వెండి లేదు. ఎన్ని కావాల్నో తీస్కపోండి.”

“ఆ విత్తనాలు ఎవరు నానబెట్టారు?”

“నానబెట్టలే. ప్యాకెట్‌లకెళ్ళి తీసి నేనే ఏసిన.”

అక్కర్లేదన్నాను. సందర్శకులు వెళ్ళిపోతున్నారు. అతను కాయలు కోసి పెట్టెల్లో సర్ది, చెట్లు పీకడానికి వంగాడు.

“నువ్వు ఆగు. గ్లౌజులివ్వు” అన్నాను.

“నడుం పట్టేస్తది బావా. చెరో సాలు తీస్కుందం.”

“వద్దు.”

ఆమె నానబెట్టిన విత్తనాల నుంచి వచ్చిన ప్రతి మొక్కనూ నేనే పీకాను, వేళ్ళకు మట్టి దులిపి నేనే సంచిలో పెట్టాను. రాజేందర్ సంచి మూతి పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క మొక్కను కూడా అతన్ని ముట్టుకోనివ్వలేదు. అతను మళ్ళీ అడగలేదు కూడా.

చీకటి పడకముందే ఇల్లు చేరాను. మనతో బతికిన మనిషికి మనం లేని గంటలు చాలా ఉంటాయి. వాటిని చూసినవాళ్ళు చెబితేనే మనకు తెలుస్తాయి. చెప్పినందుకు వాళ్ళ మీద ప్రేమ పుడుతుందని ఎవరైనా అంటే నేను నమ్మను. నాకు ఇంకా కోపమే. అయినా వెళ్ళి మంచిపని చేశాను. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సూచన: రెండో జత బూట్లు కార్లో పెట్టుకోండి. పొలం మట్టి బయటికి పోకూడదని, మడిలో తిరిగిన బూట్లను గేటు దగ్గరే అడుగుభాగంతో సహా కడిగించి పంపుతారు.