కట్టెల అడితిలో విమానం తూకం

తన విమానం ఎంతెత్తు లేవాలో మా బావ ముందే తేల్చి చెప్పాడు. మోకాలెత్తు.

"మరోదా మైదానంలో మోకాలెత్తు లేచి, పది బారలు పోయి దిగితే సాల్రా బామ్మర్దీ."

దురాశ ఆయన ఒంట్లో లేదు.

బావంటే మా అక్క మొగుడు, స్టీలు ప్లాంటు మెషిన్ షాపులో ఫిట్టరు. ఎనభైల మొదట్లో సెక్టర్ 6 క్వార్టరు వెనక పెరట్లో, పైపులూ గుడ్డ రెక్కలూ కలిపి ఒక్క మనిషి పట్టే విమానం కడుతున్నాడు. ఇంజను, దుర్గ్‌లో తుక్కు కింద పోతున్న ఓ పాత కారుది. గేరుబాక్సు ఊడదీసి, ఫ్లైవీలు ఉన్నచోట టేకు పంఖా బిగించాడు. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు విమానాన్ని జామచెట్టుకి కట్టేశాం. చెట్టు నిలబడింది. పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టలు మాత్రం వెనక వీధికి ఎగిరిపోయాయి. ఆ విమానం వల్ల గాల్లోకి లేచినవి అవే.

నాది బీఎస్సీ ఫిజిక్సు, సెకండ్ క్లాసు. ఇంట్లో అంతకన్నా పెద్ద శాస్త్రవేత్త లేకపోవడంతో లెక్కలు నాకు పడ్డాయి. విమానం నలభై కేజీలు బరువెక్కువని తేలింది. అందులో సగానికి పైగా ఎక్కడుందో చూడ్డానికి ఫిజిక్సు అక్కర్లేదు. ఇంజనుని ఫ్రేముకి పట్టి ఉంచే మౌంటు బావ స్వయంగా కోసి వెల్డింగు చేసింది. వేలెడు మందం స్టీలు. దానిమీద క్రేను నిలబెట్టొచ్చు.

"దీన్ని సన్నం చెయ్యి బావా."

"సన్నం సేస్తే నమ్మకం ఏటుంటాది?"

"పోనీ అల్యూమినియంతో చెయ్యి."

"అది గిన్నెలకిరా."

స్టీలు మీద బతికేవాణ్ణి స్టీలు తగ్గించమని అడగడం మర్యాద కాదు. బావ మిగతావన్నీ తగ్గించాడు. డైనమో తీశాడు, సెల్ఫు స్టార్టరు తీశాడు, ఇంజను మీది రంగు గీకేశాడు. తీయడానికి ఇంకేం లేక, రాత్రిపూట అన్నం మానేశాడు. నడిపేవాడిదీ బరువేగా అన్నాడు.

ప్రతి ఆదివారం సామాన్లు గోనెలో వేసుకుని సైకిలు మీద కట్టెల అడితికి పోయేవాళ్ళం. సామాన్లు తూచాక బావ కాటా పళ్ళెంలో బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. "ఆజ్ కిత్‌నా ఘటా, భయ్యా?" అని అడితివాడు ఎంత తగ్గాడో అడిగేవాడు. ఇంటికొచ్చి పెరటి గోడమీద సుద్దముక్కతో నేను రాసేవాణ్ణి. మౌంటు బరువు అలాగే ఉండేది. బావ బరువు వారంవారం దిగేది.

"ముద్ద దిగట్లేదంటన్నారు, ఏటో నువ్వయినా సూడరా," అంది అక్క ఓరోజు.

"ఇంకో నాలుగు కేజీలక్కా. మీ ఆయన లేస్తాడు," అన్నాను.

అందరం నవ్వాం. బావ అందరికన్నా ఎక్కువ నవ్వాడు, పొట్ట పట్టుకుని. నవ్వుకే పట్టుకున్నాడనుకున్నాను.

తర్వాతి నెలలో ఓ ఆదివారం కాటా పళ్ళెంలోంచి బావ లేవలేకపోయాడు. ఆస్పత్రిలో డాక్టరు, ఎన్నాళ్ళ నుంచి తగ్గుతున్నారని అడిగాడు. ఏ వారం ఎంత తగ్గాడో తడుముకోకుండా చెప్పాను, అరకేజీలతో సహా. ఇంత కచ్చితంగా చెప్పిన చుట్టాన్ని తానింతవరకూ చూళ్ళేదట ఆయన. అంతా రాసుకుని, కడుపులో గడ్డ అన్నాడు. ఆర్నెల్ల ముందు తీసుకొచ్చుంటే, అని మొదలెట్టి ఆ మాట పూర్తి చెయ్యలేదు.

చివరి వారం బావని మంచం మీంచి స్ట్రెచర్ మీదకి మార్చాల్సొస్తే నేనొక్కణ్ణే ఎత్తాను. నా మెడ చుట్టూ చెయ్యేసి, "ఎంతున్నాన్రా?" అన్నాడు.

"సరిపోయింది బావా," అన్నాను.

క్వార్టరు ఖాళీ చేసే రోజున తుక్కువాడు వచ్చాడు. పైపులు, రెక్కలు, విప్పదీసిన ఇంజను ముక్కలు బండికెక్కించాడు. మౌంటు దగ్గరికొచ్చి ఒకసారి ఎత్తి చూసి, కిందపెట్టి, సాయం పట్టమని నన్ను పిలిచాడు. చెరో పక్కా పట్టుకున్నాం. ఎక్కడా చిన్న పగులు కూడా లేదు.