నున్నగా అలికిన బోదె

నా చిన్నప్పుడు సత్తెనపల్లి దగ్గర మా మిరప చేను ఏటవాలు నేలలో ఉండేది. పైన కాలువ, అడుగున నారుమడి, మధ్యలో నీళ్లు దిగే చిన్న బోదె. ఆ మడిలో విత్తనాలు చల్లిన కొద్ది రోజులకే అమ్మ జ్వరంతో పోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాన్న మాట్లాడటం మానేశాడు. ఇంట్లో ఇద్దరమే, ఎవరి కంచం ముందు వాళ్లం. నేను ఏడవలేదు. అందరూ గట్టి పిల్ల అంటుంటే నిజమే కాబోలు అనుకున్నాను.

కాలువ నీళ్లు వంతుల మీద వచ్చేవి. వంతు కాసేపే కాబట్టి, నీళ్లు త్వరగా దిగాలని అందరూ బోదెల్లో గడ్డి చెక్కేవాళ్లు. నేను ఇంకాస్త తెలివి చూపించాను. అమ్మ నాకు అరుగు అలకడం నేర్పింది. అచ్చం అలాగే మట్టీ పేడా కలిపి బోదెనంతా నున్నగా అలికాను. అది ఆరాక, మా వంతు రాగానే బోదెకి అడ్డుగా వేసిన మడవ తీశాను. నీళ్లు ఒక్క ఉరుకున వెళ్లి నారు మీద పడ్డాయి. నేను మడవ మూసేలోపే సగం నారు కొట్టుకుపోయింది. అమ్మ చేత్తో చల్లినదంటూ మాకు మిగిలింది ఆ నారొక్కటే.

పక్కింటి సాయిబుగారు తాపీ మేస్త్రి. అమ్మని చెల్లెమ్మా అని పిలిచేవాడు కనుక నాకు మామయ్య. వచ్చి చూశాడు కానీ తిట్టలేదు.

"ఎంత బాగా అలికావమ్మాయ్, అచ్చం మీ అమ్మలాగే! కానీ ఇది అరుగు కాదు గదా. ఇంత నున్నగా ఉంటే నీళ్లు ఎక్కడ ఆగుతాయి?"

నాపరాతి ముక్కలు తెచ్చి, గరుకు వైపు పైకి పెట్టి, బోదె పొడుగునా మెట్లు కట్టాడు. తర్వాతి వంతుకి నీళ్లు ఒక్కో మెట్టు మీదా పడి, నురగలు కక్కి, కాసేపు తచ్చాడి దిగాయి. నారు మొదళ్లు తడిశాయి, ఒక్క మొక్కా కదల్లేదు.

"ఆపలేదు చూశావా? మెల్లగా దిగనిచ్చాం, అంతే."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఆయన ఊరుకోమనలేదు. అటు తిరిగి, కడిగిన తాపీనే మళ్లీ కడుగుతూ కూర్చున్నాడు.

మా ఆయన పోయినప్పుడు పిల్లలూ చుట్టాలూ గుండె రాయి చేసుకోమన్నారు. నేను వినలేదు. రోజుకి కాస్త ఏడ్చాను, పొద్దున కాఫీ నా ఒక్కదానికే కలుపుకున్నప్పుడు కొంచెం, ఆయన చొక్కాలు మడతపెట్టినప్పుడు కొంచెం. మూడేళ్లయింది. ఇంకా దిగుతూనే ఉంది. నేను మాత్రం కొట్టుకుపోలేదు.