మైలుతుత్తం పాఠం

పోయినేడు కన్నుమూసిన పిన్నికి చీరల రంగులు ఎప్పుడూ పట్టలేదు గానీ, ఉప్పుల రంగులంటే ప్రాణం.

ఆమె బడిలో తాత్కాలిక టీచరుగా ఉన్నప్పటి మాట. ఉద్యోగం ఖాయం కావాలంటే పెద్ద టీచరమ్మ ఎదుట ఒక పాఠం చెప్పి మెప్పించాలి. లేకపోతే ఇంటిదారే. పిన్ని మైలుతుత్తం ఎంచుకుంది. నీలం పలుకుల్ని ముందే కాల్చి, తెల్లపొడి చేసి గిన్నెలో పెట్టుకుంది. పాఠం మధ్యలో నీటిచుక్క వేసి నీలం రప్పించాలని ఆమె ఎత్తు.

బయట ముసురు పట్టింది. పెద్ద టీచరమ్మ ఆలస్యంగా వచ్చి వెనక బెంచీలో కూర్చుంది.

"ఇది రాగి ఉప్పు, మైలుతుత్తం. కాలిస్తే తెల్లబడుతుంది" అంటూ పిన్ని గిన్నె ఎత్తింది. పొడి అప్పటికే లేతనీలానికి తిరిగింది.

"కాల్చినా మైల పోలేదు టీచర్" అంది ముందు బెంచీ వాగుడుకాయ. తరగతి గొల్లుమంది. పెద్ద టీచరమ్మ నవ్వలేదు, కలం మూత తీసింది. పిన్ని బట్టీపట్టిన పాఠం గాలికి పోయింది.

"మైల కాదే పిల్లా, మైలు. మైలు అంటే నెమలి, ఆ నీలం చూసే ఈ పేరు. గాల్లో తేమ పీల్చుకుని మళ్లీ నీలమైంది. నీళ్లకీ రంగుకీ ఏంటి సంబంధమంటావా? ఈ ఉప్పులోని రాగికి బయటి వరసలో ఎలక్ట్రాన్లకి అయిదు గదులనుకో, గదికిద్దరు. ఉన్నది తొమ్మిదిమంది. చుట్టూ నీళ్లు చేరితే రెండు గదులు మేడమీదికి పోతాయి. కింద ఆరుగురు, పైన ముగ్గురు. పైన ఒక చోటు ఖాళీ. కిందవాళ్లు ఊరుకుంటారా?"

"ఎక్కేస్తారు" అంది వాగుడుకాయ.

"మెట్లెక్కాలంటే ఓపిక కావాలిగా. వెలుగులో ఎరుపుని మింగి ఎక్కుతారు. ఎరుపు పోగా మన కంటికి మిగిలేది నీలం. నీళ్లు ఎగిరిపోయాయా, మేడ ఎత్తు తగ్గుతుంది. అప్పుడు ఎరుపుకన్నా బలం తక్కువైన, కంటికి కనబడని వెలుగుతోనే ఎక్కేస్తారు. కనబడే రంగులు అన్నీ మిగులుతాయి, అందుకే తెలుపు."

"జింకు ఉప్పులో పదిమంది" అంది పెద్ద టీచరమ్మ, పిన్నితో కాదు, వాగుడుకాయతో. "దానిది ఏ రంగే?"

పిన్ని నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది. పిల్ల వేళ్లు మడిచి లెక్కచూసుకుంది.

"పైన ఖాళీ లేదుగా అండీ. ఎక్కేదెవరు? తెల్లగా పడుంటుంది."

పెద్ద టీచరమ్మ కలానికి మూత పెట్టింది. "మీ ఉద్యోగం ఖాయమేనమ్మా. సోమవారం నుంచి తొమ్మిదో తరగతి కూడా మీరే చూసుకోండి" అని గొడుగు అందుకుంది.

పిన్ని 'అలాగేనండి' అంటూనే బోర్డు తుడవసాగింది. దానిమీద ఆమె ఒక్క అక్షరమూ రాయలేదు.