కోటిలింగం ఎడమచేయి

మా ఆయన పేరు కోటిలింగం. మొగుడి పేరు నోటితో చెప్పకూడదని మా అత్త పోరేది. రాయకూడదని మాత్రం అనలేదు కాబట్టి రాస్తున్నాను.

పట్నంలో, చూలై పేటలో పరంధామయ్య గారి ఇనుప సామాన్ల అంగడిలో గుమాస్తా. సాయంత్రమైతే హార్మోనియం. శనివారాలు భజన మందిరంలో, పెళ్ళిళ్ళ రోజుల్లో వెంకటపతి ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. పాట కూడా బాగా పాడతాడు, కాని ముందు నిలబడి కాదు. డ్రమ్ముల వెనక కనబడీ కనబడకుండా కూర్చుని పాడతాడు. అంత పిరికి మనిషి. కుక్క మొరిగితే సందు మారుస్తాడు. లిఫ్టు ఎక్కమంటే మెట్లు ఎక్కడున్నాయని అడుగుతాడు. ఇంట్లో బల్లి కనబడితే చీపురు నేనే తీయాలి. "ఏం మొగాడండీ మీరు" అని నేను తిట్టని రోజు లేదు.

తొంభై అయిదులో వెంకటపతి ఆర్కెస్ట్రా ఎత్తేశాడు. పదిమందిని పిలిచి పాడించే ఓపిక పెళ్ళివాళ్ళకు పోయింది. కీబోర్డు ముందర ఒక్కడే కూర్చుని, తనే వాయించి తనే పాడే రోజులొచ్చాయి. డోలక్కు, గిటారు, తబలా అన్నీ ఆ పెట్టెలోంచే వస్తాయి. అప్పుడే పరంధామయ్య గారి మనవరాలికి పెళ్ళి కుదిరింది. "రిసెప్షన్లో నువ్వే పాడాల కోటిలింగం. బయటోళ్ళు మనకెందుకు?" అన్నాడాయన. మా ఆయన అక్కడ తల ఊపేసి, ఇంటికొచ్చి మంచమెక్కాడు.

"నేనొక్కణ్ణే ఆడ కూర్చోలేనే కస్తూరీ. గుండె ఆగిపోతాది."

"ఆగితే ఆగనీండి. ఇప్పుడు కాదంటే ఇంక మిమ్మల్ని ఎవురూ పిలవరు. ఇంట్లో కూర్చుని గోడకు పాడుకోండి."

ఆ మాటకు లేచి కూర్చున్నాడు. పాట లేకపోతే ఆ మనిషి లేడు, అది నాకూ తెలుసు.

మరుసటి ఆదివారం పట్నంలోనే ప్యారిస్ అనే చోట ఒక సందులో ఉన్న వాయిద్యాల అంగడికి పోయాం. నాగలింగం అనే అతను పెద్ద కీబోర్డు ఒకటి ముందర పెట్టి చెప్పాడు. "కుడిచేత్తో పాట వాయించుకోండి సార్. ఎడమచేత్తో ఈ పక్క మూడు మెట్లు నొక్కి పట్టుకుంటే, దానికి తగ్గట్టు బ్యాండంతా అదే మోగతాది. మెట్లు మారిస్తే బ్యాండు గూడా మారతాది."

హార్మోనియం వాయించేవాడి ఎడమచేతికి ఏం పని? వెనకనున్న గాలితిత్తి ఊపడమే. ఇన్నేళ్ళలో ఆ చేయి మెట్టును ముట్టిన పాపాన పోలేదు. మా ఆయన కూర్చున్నాడో లేదో, కుడిచేయి మెట్ల మీదికి పోయింది, ఎడమచేయి పెట్టె వెనక్కి పోయి లేని తిత్తి కోసం తడుముకుంది. నాగలింగం పకపకా నవ్వాడు. నేనూ నవ్వు ఆపుకోలేకపోయాను.

అప్పుడు ఎడమచేతిని కూడా మెట్ల మీద పెట్టాడు. నా నవ్వు ఆగిపోయింది. వేళ్ళు వణుకుతున్నాయి. చిటికెనవేలు పక్క మెట్టును తాకుతోంది, వదులుతోంది, మళ్ళీ తాకుతోంది. తాకినప్పుడల్లా ఆ పెట్టె ఇదే హుకుం అనుకుని బ్యాండును మార్చేస్తోంది. పాటదొక దారి, బ్యాండుదొక దారి. అంగడిలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

"వేళ్ళు నిలకడగా పెట్టండి సార్" అన్నాడు నాగలింగం.

"కొత్త కదప్పా, భయం" అన్నాడు మా ఆయన.

పక్కన ఇంకొకటి, చిన్నది ఉంది. దాన్నీ చూపించాడు. అందులో ఒక బొత్తాం వేసుకుంటే మెట్లు ఒక్కసారి తాకి చేయి తీసేయొచ్చు. మళ్ళీ తాకేదాకా బ్యాండు తన పాటికి తాను నడుస్తూ ఉంటుంది. మా ఆయన రెండుసార్లు తాకి, చేయి తీసి చూసుకుని, "ఇదే ఇచ్చేయ్" అన్నాడు.

"అయ్యో, దాంట్లో శబ్దాలు శానా తక్కువ సార్. నాదస్వరం గూడా లేదు. రిసెప్షన్‌కంటే పెద్దదే సరి. అమ్మా, మీరన్నా చెప్పండి."

నేనూ చెప్పాను. పెద్దదాన్ని పెట్టుకుని చిన్నది కొనేవాళ్ళుంటారా అని నలుగురిలో అడిగేశాను. నా మాట ఎన్నడూ కాదనని మనిషి ఆ రోజు వినలేదు.

బస్సులో అడిగాను. "చెయ్యి ఎప్పట్నించి అట్ల ఉండాది?"

కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "వినాయక చవితి భజనలో మొదలైంది. తిత్తి ఊపేటప్పుడు ఎవురికీ తెలీదు కదా."

చవితి పోయి ఎన్ని నెలలు! ఎడమచేయి కాబట్టి అన్నం తినేటప్పుడు ఒళ్ళో పెట్టుకునేవాడు. ఎదురుగా నిలబడి వడ్డించే నేను చూడలేదు. నా కళ్ళు ఏ గంగలో కలిశాయో!

"చెంగయ్య పెదనాయనకు గూడా ఎడమచేతిలోనే మొదలైంది" అన్నాడు మెల్లగా.

నేను కాపురానికొచ్చేసరికి ఆ పెద్దాయన ఒళ్ళంతా వణుకుతో మంచంలో ఉన్నాడు. గ్లాసు పట్టుకోలేడు, నోట్లో అన్నం పెట్టాలి. మూతి తుడిచిన చేతులు ఇవి.

"గమ్మునుండండి!" అని బస్సులోనే అరిచాను. "పెదనాయనా లేదు, ఏమీ లేదు. అది భయం. కుక్కకు భయం, బల్లికి భయం, ఇప్పుడు జనానికి భయం. ఆ రోజు పాడేస్తే భయం పోతాది, చెయ్యి నిలబడతాది."

"అంతేనంటావా?"

"అంతే."

"అయితే డాక్టరు దగ్గరికి..."

"రిసెప్షన్ కానీండి. భయం పోయినాంక నిలబడకపోతే అప్పుడు పోదాం."

ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. అంత త్వరగా ఒప్పుకోవడమే నాకు నచ్చలేదు.

ఆ తర్వాత ఇంట్లో సాధన. ఎడమచేయి తాకడం, తీయడం, తాకడం, తీయడం. నేను వంటింట్లో ఉండి బ్యాండు ఎక్కడ తప్పుతుందా అని చెవులు రిక్కించుకునేదాన్ని. చూడకూడదనుకుంటూనే చూసేదాన్ని. పేపరు చదువుతుంటే ఒక పక్క అదిరేది. దేవుడి ముందర నిలబడి ఒకటే అడిగాను. స్వామీ, ఇది భయమే అయ్యుండాలి. నా మొగుడు ఎంత పిరికివాడైనా నాకు సమ్మతమే.

రిసెప్షన్ మాధవరంలో, కల్యాణమండపం నిండా జనం. మా ఆయన వేదిక మీద ఒక్కడే కూర్చున్నాడు, ముందర ఆ చిన్న పెట్టె. మొదటి పాటే తప్పింది. తాళం వేగంగా పెట్టేశాడు, పల్లవి అందుకోలేకపోయాడు. ఆర్కెస్ట్రాలో అయితే డోలక్కు మునిరత్నం తాళం ఇంకొక చుట్టు తిప్పి పల్లవి అందించేవాడు. ఆ పెట్టె ఎవరి కోసమూ ఆగదు. లేచి వెళ్ళిపోతాడనే అనుకున్నాను.

వెళ్ళలేదు. ఆపేసి, వేగం తగ్గించి, మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి పాట దొరికింది. రెండో పాటకు పిల్లలు వేదిక ముందరికొచ్చి ఎగరడం మొదలుపెట్టారు. పరంధామయ్య గారు కుర్చీలో తొడ మీద తాళం వేస్తున్నారు. మూడో పాట అయ్యాక మా ఆయన మైకులో, "ఆకలైనోళ్ళు పోయి తినేసి రండి. నేనీడనే ఉంటా, యాడికీ పోను" అన్నాడు. జనమంతా నవ్వారు. ఆయన కూడా తలెత్తి నోరారా నవ్వాడు. పెళ్ళయినప్పటినుంచి ఆ నవ్వు నేను చూడలేదు. ఆ మనిషి ఒంట్లో భయమన్నది రవ్వంత కూడా లేదు.

అప్పుడు ఎడమచేతిని చూశాను. మెట్లు తాకి, తీసి, మోకాలి మీద పెట్టుకున్నాడు. అది వణుకుతోంది. అంగడిలో ఎట్లా వణికిందో అట్లాగే. పాడుతూనే నా చూపు పట్టుకుని ఆయన కిందికి చూశాడు. చూసి కూడా పాట ఆపలేదు. చరణం పూర్తిచేసి, మెట్లు తాకి, మళ్ళీ చేయి తీసుకున్నాడు.

కచేరీ అయ్యాక అందరూ చుట్టూ మూగి మెచ్చుకున్నారు. వాళ్ళు కదిలాక నా దగ్గరికొచ్చాడు. ఎడమచేయి జిబ్బా జేబులో ఉంది.

"ఏమే, నేను భయపడినానా?" అన్నాడు.

ఈ మనిషిని పిరికివాడని తిట్టడానికి నేను ఏనాడూ తడుముకోలేదు. ఇప్పుడు మాత్రం ఆ మాట వెతుక్కోవాల్సి వచ్చింది.

"భయపడినారు" అన్నాను. "శానా భయపడినారు. నేను చూస్తానే ఉండా."

ఆయన జేబులోని చేయి బయటికి తీయకుండానే తలూపాడు.

"అవును, శానా భయపడినా" అన్నాడు.