బండి తిరిగేంత వెడల్పు

ఆ ఊరికి చేరేసరికి తెల్లవారింది. సిడ్నీ నుంచి ఉత్తరంగా వచ్చి, కొండ రోడ్డెక్కి పీఠభూమి మీదికి చేరాక మా ట్రక్కు వైపర్లు మంచును తొయ్యలేకపోయాయి. ఆగస్టు నెల, ఇక్కడ చలికాలం. ఆ ఊళ్ళో మంచు పడడం కొత్తేమీ కాదు. పడితే ఒక పూట నిలిచి కరిగిపోతుంది. ఈసారి మోకాలి లోతున పడింది. యూకలిప్టస్ కొమ్మలు బరువుకు విరిగి తీగల మీద పడ్డాయి. కరెంటు లేదు.

నేనప్పుడు రిజర్వు సైనికుణ్ణి. మామూలు రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అప్పుడప్పుడు యూనిఫాం. కొన్నేళ్ళు చేసి మానేశాను. మాది ఇంజనీర్ల దళం. వంతెన వెయ్యడం, దారి తెరవడం నేర్పారు. మంచు గురించి మాత్రం ఎవరూ నేర్పలేదు.

సైన్యంలో ఏం చేశావని సిడ్నీలో మేముండే ద పాండ్స్‌లో మనవాళ్ళు అడుగుతుంటారు. తుపాకీ కథ వస్తుందని చూస్తారు. నేను చేసింది ఇది. ఇళ్ళ ముందు మంచు తీశాను.

ఆర్డరు చిన్నది. రోడ్డు నుంచి గరాజు దాకా ఉండే సిమెంటు దారులు, అంటే డ్రైవ్‌వేలు తెరవాలి. వయసు మళ్ళినవాళ్ళ ఇళ్ళు ముందు. ఊళ్ళో మంచు తీసే పారలు లేవు. పశువుల దాణా కొట్లో గింజలెత్తే వెడల్పాటి అల్యూమినియం పారలుంటే అవే తీసుకున్నాం.

మాలో మంచు తెలిసినవాడు డ్రైవరొక్కడే. కెనడాలో పెరిగాడు. స్కూలు హాల్లో మమ్మల్ని నిలబెట్టి పది ముక్కల్లో చెప్పాడు. పారకు కొవ్వొత్తి రుద్దండి, మంచు అంటుకోదు. ఎత్తొద్దు, తొయ్యండి. లోతుగా ఉంటే పైపొర ముందు, అడుగుపొర తర్వాత. మధ్యలో ఒక బాట తీసి అక్కణ్ణుంచి రెండు పక్కలకూ నెట్టండి. రోడ్డు మీదికి నెట్టొద్దు. వేడినీళ్ళు పొయ్యొద్దు, గడ్డకట్టి అద్దమైపోతుంది. ఉప్పు లేకపోతే ఇసుకో బూడిదో చల్లండి. కరగదు గానీ కాలు నిలుస్తుంది.

"ఊపిరి బిగబట్టకండి. మా ఊళ్ళో ప్రతి చలికాలం ఎవరో ఒకరు పార చేతిలో ఉండగానే పోతారు" అన్నాడు.

ఎవరో నవ్వారు. వాడు నవ్వలేదు.

మొదటి రోజు సాయంత్రానికి చేతివేళ్ళకు స్పర్శ పోయింది. ఇక్కడి మంచు నీళ్ళ మంచు, తడి సిమెంటంత బరువు. గ్లౌజులు తడిశాయి. రెండో జత ఇవ్వలేదు.

రెండో రోజు పొద్దున్నే రేడియో పలికింది. మా జట్టును నడిపే కార్పొరల్ అందుకున్నాడు. రేడియోలో మా జట్టు పేరు వన్ టూ, స్కూల్లో ఉన్న ఆఫీసు పేరు జీరో.

"వన్ టూ, మగమనిషి, ఛాతీ నొప్పి, పడిపోయాడు. కొండ వీధిలో చివరి ఇల్లు. అంబులెన్సు పడిపోయిన చెట్టు వెనక ఆగి ఉంది. చెట్టు కోస్తున్నారు. బండి వచ్చేలోపు ఇంటి ముందు దారి తెరవండి."

"వన్ టూ, వెళ్తున్నాం."

మాలో వైద్యం నేర్చినవాడు, మెడిక్, సంచీ తీసుకుని ముందు పరుగెత్తాడు. మేం పారలతో వెనకాల.

ఏటవాలు డ్రైవ్‌వే అది. గరాజు వైపు నుంచి సగం దాకా అప్పటికే తీసి ఉంది. అంచులు గోడ కట్టినట్టు తిన్నగా ఉన్నాయి. తియ్యడం ఆగిన చోట ఒక ప్లాస్టిక్ చెత్తడబ్బా మూత పడి ఉంది. పడిపోయినాయన దానితోనే తీశాడు. ఆయన్ని భార్యా, పక్కింటాయనా కలిసి గరాజులోకి చేర్చారు. మెడిక్ లోపల మోకాళ్ళ మీద కూర్చుని ఛాతీ నొక్కుతున్నాడు.

మేం కింది నుంచి మొదలుపెట్టాం. పారలు సిమెంటుకు గీసుకునే చప్పుడే. పై నుంచి కూడా తీద్దామని ఆయన తీసిన భాగంలోకి అడుగుపెట్టగానే నాతో ఉన్నవాడు జారి పడ్డాడు. అక్కడంతా సన్నటి మంచుగాజు.

ఆయన భార్య గరాజులోంచి బయటికొచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. వృద్ధాశ్రమంలో పనిచేసేవాళ్ళ లేతనీలం యూనిఫాం, పైన స్వెటరు. నా కోటు మీద కుట్టిన పేరు చదివింది.

"చింతల... తెలుగువాళ్ళా?"

"అవునక్కా."

"మాది తెనాలి పక్కన. వద్దని చెప్పాను తమ్ముడూ. నాకు మార్నింగ్ షిఫ్టు, నడిచి పోతానన్నాను. కారు తీస్తా, టెన్ మినిట్స్ పని అన్నారు. వేణ్ణీళ్ళు కూడా పోశారు. జాగ్రత్త, జారతది."

అంతే చెప్పి లోపలికి వెళ్ళింది. డ్రైవరు వాళ్ళ పొయ్యిలో బూడిద అడిగి తెచ్చి ఆ గాజు మీద చల్లాడు. మళ్ళీ మొదలుపెట్టాం. ఆయన తీసిన చోటికీ మేం తీసిన చోటికీ మధ్య నాలుగు పారల మంచు మిగిలి ఉండగా మెడిక్ బయటికొచ్చాడు. గ్లౌజులు తీసేసి ఉన్నాడు. కార్పొరల్ దగ్గరికెళ్ళి ఒక మాట చెప్పాడు.

కార్పొరల్ రేడియో నొక్కాడు. "జీరో, వన్ టూ. అంబులెన్సుకు తొందర లేదు."

మేం నిలబడిపోయాం.

"ఆపొద్దు" అన్నాడు కార్పొరల్. "కానివ్వండి."

ఆ నాలుగు పారలూ తీశాం. దారి కలిసింది. నాకేమీ అనిపించలేదు. అంచు వంకరగా వచ్చిందని మాత్రం చూశాను. దాన్ని సరిచేశాను.

ఆమె మళ్ళీ వచ్చింది. దారిని పైనుంచి కిందిదాకా చూసింది.

"కొంచెం వెడల్పుగా తియ్యి తమ్ముడూ. వాళ్ళ బండి తిరగాలి కదా."

"ఏమంటోంది?" అని కార్పొరల్ అడిగాడు.

"ఇంకాస్త వెడల్పు కావాలంట."

అతను తలూపాడు. రెండు పక్కలా మరో పార వెడల్పున తీశాం.

చెట్టు తొలగించాక ఊరి డాక్టరు వచ్చి చనిపోయినట్టు రాసిచ్చి వెళ్ళాడు. మధ్యాహ్నం ఆయన్ని తీసుకెళ్ళే బండి వచ్చింది. నల్లది కాదు, మామూలు తెల్ల వ్యాను. వెనక్కి వచ్చి గరాజు ముందు ఆగింది. కాసేపటికి తిరిగి కిందికి దిగిపోయింది. ఎక్కడా తగల్లేదు. మా డ్రైవరు టోపీ తీశాడు. మేమూ తీశాం.

పారలు ట్రక్కులో వేస్తుంటే ఆమె దగ్గరికొచ్చింది. మెడలో ఐడీ కార్డు.

"మీ బండి ఊళ్ళోకి పోతదా?"

"పోతుందక్కా. ఎక్కడికి?"

"డ్యూటీకి. అక్కడ రాత్రి నుంచి ఒక్కతే ఉంది పాపం, ఫిలిప్పీన్స్ అమ్మాయి. ముసలోళ్ళని తిప్పి పడుకోబెట్టాలి, తినిపించాలి. ఒక్కతి వల్ల కాదు."

కార్పొరల్‌కు చెప్పాను. ఆమెతోనే ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు, ఇవాళ వెళ్ళక్కర్లేదు, నేను వాళ్ళకి ఫోన్ చేస్తానని. ఆమె థాంక్యూ అంది. మళ్ళీ నావైపు తిరిగింది.

"మా బాబు అడిలైడ్‌లో యూనివర్సిటీకి పోతున్నాడు. ఫ్లైట్ రేపు గానీ లేదు. పాస్టరుగారు కూడా రోడ్డు తెరిస్తేనే వస్తారు. ఇంట్లో కూచుంటే గరాజే కనపడతా ఉంటది తమ్ముడూ."

ముందు సీట్లో డ్రైవరుకూ నాకూ మధ్య కూర్చుంది. దారిలో ఒక్కసారే మాట్లాడింది.

"పొద్దున్నించి ఏమన్నా తిన్నావా?"

"తిన్నానక్కా."

తినలేదు.

ఇంకొన్నాళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నాం. కరెంటు వచ్చింది. తర్వాత ఎండ కాసింది. ఒక్క మధ్యాహ్నంలో అంతా కరిగి కాలవల్లోకి పోయింది. మేం తీసిన దారులకూ తియ్యని దారులకూ తేడా లేకుండా పోయింది. పారలు కడిగి దాణా కొట్లో అప్పగించి బయల్దేరాం.

ఇంటికొచ్చాక నా భార్యకు రెండు వాక్యాల్లో చెప్పాను. తను ఏడ్చింది. ఆ వారం మా వీధిలో బార్బెక్యూ. ఒక అంకుల్ ప్లేటు నా చేతికిచ్చి, "స్నోలో బాగా ఎంజాయ్ చేశారా? ఫోటోలు దిగారా?" అన్నాడు.

"దిగలేదంకుల్" అన్నాను. చికెన్ తిన్నాను. రుచి తెలిసింది. సోమవారం ఆఫీసుకు వెళ్ళాను.

ఇప్పటికీ కళ్ళ ముందు నుంచి పోనిది ఒకటే. ఆ రోజు వృద్ధాశ్రమం ముందు ఆమె దిగింది. గాజు తలుపు లోపల లైటు వెలుగుతోంది, జనరేటరు మీద. తలుపు ముందు కొబ్బరిపీచు పట్టా ఉంది. ఆమె దాని మీద ఆగి, గోడ పట్టుకుని, కుడి బూటు అడుగున మంచు గీకింది. తర్వాత ఎడమది. వంగి చూసుకుంది. ఎడమదానికి ఇంకా ఉన్నట్టుంది, మళ్ళీ గీకింది. అప్పుడు లోపలికి వెళ్ళింది.